నడుము 40, దిగులు 70, మొత్తం 80

లెక్కల్లో మనల్ని మించినవాళ్లు లేరని ఇన్నాళ్లూ మురిసిపోయాం. అమెరికాలో మాజీ సైనికుల వైకల్యాన్ని శాతాల్లో లెక్కగట్టి పరిహారం తేల్చే పట్టిక చూశాక నేనైతే చేతులెత్తేశాను. అక్కడ 70, 40 కలిపితే 110 రాదు, 80 వస్తుంది.

డిప్రెషన్‌కి 70 శాతం ఇచ్చారనుకోండి. అంటే ఆ మనిషిలో బాగున్న భాగం ఇంకా 30 ఉంది. నడుముకొచ్చిన 40 శాతాన్ని ఆ 30లోంచే తియ్యాలి కాబట్టి 12. మొత్తం 82, దగ్గరి పదికి సవరిస్తే 80. మిగిలిన 2 శాతం బాధ దేశానికి విరాళం. చెవుల్లో హోరుకి ఇంకో 10 ఇచ్చినా 84 దాటదు, మళ్లీ 80కే దిగుతుంది. 95 చేరితే తప్ప వంద ఇవ్వరు. ఉన్నది ఒక్క మనిషి, ఎంతని పాడవుతాడు?

నడుము సంగతి ఇంకా శాస్త్రీయం. మామూలు నడుము ముందుకి 90 డిగ్రీలు వంగాలి. డాక్టరు పక్కన నిలబడి, బళ్లో మనం వాడిన కోణమానిని లాంటిదాన్ని తుంటి దగ్గర ఆనించి, వంగమంటాడు. 30 డిగ్రీల దగ్గర ఆగిపోతే 40 శాతం, అది దాటి 60 లోపు ఆగితే 20. కొలతని దగ్గరి అయిదుకి సవరించాలని కూడా రూలుంది. అంచేత 32 దగ్గర మూలిగినవాడు 30 కిందకి వస్తాడు, 33 దాకా పళ్లు బిగబట్టినవాడు 35 అయిపోతాడు. ఓర్చుకున్న ఆ ఒక్క డిగ్రీకి సగం కోత. నొప్పి మాటేంటంటారా? వెన్నుకి శాతాలిచ్చే ఆ సూత్రం మొదట్లోనే 'నొప్పి ఉన్నా లేకపోయినా' అని రాసేశారు. గొడవ వదిలింది.

దిగులుకి డిగ్రీలు లేవు గానీ మెట్లున్నాయి: 0, 10, 30, 50, 70, 100. ఎవరూ 40 శాతం దిగులు పడటానికి వీల్లేదు. గుండె దడదడలాడే పానిక్ వారానికోసారి వస్తే 30, అంతకు మించితే 50. పేర్లూ దారులూ మర్చిపోతే 30. అయినవాళ్ల పేర్లు, చివరికి తన పేరే మర్చిపోతే 100. (ఇవన్నీ ఉదాహరణలేనని కోర్టు చెప్పింది లెండి.) దరఖాస్తు మీద మాత్రం పేరు రాయమనే అడుగుతారు.

నడుము నొప్పి వల్లే దిగులు పట్టుకుందనుకోండి, దానికీ శాతం వచ్చే దారుంది. ఖాయంగా అందువల్లేనని డాక్టరు ఒట్టెయ్యక్కర్లేదు, సగానికి సగం అవకాశం ఉందని రాస్తే చాలు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మనిషి రాసినట్టు అనిపించిన వాక్యం ఇదొక్కటే.

ఇప్పుడు మన 70 శాతం దిగులు మనిషి పరీక్ష ముగించుకుని గుమ్మం దాకా వచ్చాడు. చేతిలోంచి కారు తాళం జారి కింద పడింది. డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు. మనవాడు మనసులో లెక్క వేసుకున్నాడు: నడుముకి 40 వస్తే 82, 20 వస్తే 76. ఎటు సవరించినా 80కే చేరుతుంది. వంగితే పోయేదేం లేదు.

అయినా తాళం వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. "కాస్త అది తీసిస్తారా" అన్నాడు.