ఏ చెట్టయినా కుండీలో పెరుగుతుందట!

ఇందాకే ఒక నర్సరీ నుంచి నిమ్మ మొక్క వచ్చింది. అంటు మొక్క అని చెప్పి మరీ పంపారు. సంచి చింపి చూస్తే వేర్లన్నీ లోపల చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అంటు కట్టిన చోటు కనబడదే! మట్టి గీరితే బెత్తెడు లోతున బయటపడింది. దాని కిందినుంచి మూడేసి రెక్కల ఆకులతో, ఇంతింత ముళ్లతో ఒక కొమ్మ ఏపుగా లేచి ఉంది. అసలు నిమ్మ కొమ్మేమో పక్కన బిక్కుబిక్కుమంటూ నాలుగాకులతో నిలబడింది. ఆ ముళ్ల కొమ్మను ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే నిమ్మ చచ్చి అడవి మొక్క మిగులుతుంది.

ఫోను చేసి, "దీన్ని ఏ వేరుమూలం మీద కట్టారండీ?" అని అడిగాను. వేరుమూలమంటే అంటు కట్టేటప్పుడు కింద వేర్ల కోసం వాడే మొక్క; ఆ ముళ్ల కొమ్మ దానిదే. కాసేపు మౌనం. ఆ తర్వాత జవాబు: "ఏ చెట్టయినా కుండీలో పెరుగుతుందండీ, మీరు నీళ్లు పోయండి చాలు."

అడిగిందేమిటి, చెప్పిందేమిటి! కుండీలో చెట్టు పెంచేవాళ్లు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్నే అది. ఆపిల్ సంగతి తీసుకోండి. అదే రకాన్ని ఎం27 వేరుమూలం మీద కడితే రెండు మీటర్లు దాటదు, ఎం25 మీద కడితే నాలుగు మీటర్లు దాటి పోతుంది. కాయ ఒకటే, రుచి ఒకటే, తేడా అల్లా కింద ఉన్న వేరుమూలంలోనే. మొక్కకు కట్టి పంపే చీటీ మీద మాత్రం నిగనిగలాడే పండు బొమ్మ ఒక్కటే ఉంటుంది. రకం పేరుండదు, ఎంత ఎత్తు పెరుగుతుందో ఉండదు, ఒంటరిగా కాస్తుందా, తోడు చెట్టు కావాలా అన్నదీ ఉండదు. బొమ్మకు మాత్రం లోటు లేదు!

పూల చెట్ల సంగతి ఇంకా ఘోరం. కాగితపు పూల మొక్క ఇరుకు కుండీలో, కాస్త ఎండగట్టిన మట్టిలోనే విరగబూస్తుంది. దానికి రోజూ నీళ్లు, వారానికోసారి నత్రజని ఎరువు పెట్టమని సలహా ఇచ్చే మహానుభావులున్నారు. ఆకులు పెరుగుతాయి, అవును. ఆకులు చూసుకుని మురిసిపోండి.

అన్నట్టు, కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా ఇంకుతుందని ఇంకా చెబుతున్నవారికి ఒక దండం. సన్నటి మట్టి నీటితో పూర్తిగా నిండేదాకా ఆ నీరు కింద ఉన్న రాళ్లలోకి దిగదు. అంటే రాళ్లు పోసి బురదను వేర్ల దగ్గరకు ఇంకాస్త పైకి జరుపుతున్నారు. అడుగున చిల్లు ఉంటే చాలు. చిల్లే లేని పింగాణీ కుండీలో రాళ్లు పోసి ఫొటోలు పెట్టేవారితో నాకు వాదన లేదు.

కానీ నర్సరీ వాళ్లు బయటివాళ్లు, వదిలేద్దాం. మా బావగారిని ఏం చేయమంటారు?

నేను ఊళ్లో లేనప్పుడు "చెట్టు పాపం ఇరుక్కుపోయింది" అని ఆయన గుండె కరిగింది. కరిగి, చిన్న కుండీలో హాయిగా ఉన్న నా దానిమ్మను ఎత్తి డ్రమ్మంత కుండీలో పెట్టారు. అందులో నింపింది ఉత్త తోటమట్టి. కుండీ మార్చినప్పుడు పాతదానికంటే రెండంగుళాల వెడల్పు ఎక్కువుంటే చాలు. వేర్లు అందుకోలేనంత మట్టి చుట్టూ పోస్తే అది రోజుల తరబడి తడిగానే ఉంటుంది, గాలాడదు, వేర్లు కుళ్లుతాయి. కుళ్లాయి కూడా. నేను వచ్చి కుండీ వంచి చూస్తే తెల్లగా గట్టిగా ఉండాల్సిన పిల్లవేర్లు గోధుమరంగులో మెత్తబడి, వేళ్లతో పట్టుకోగానే పైతోలు ఊడి చేతికి వచ్చింది. కొమ్మలకు అప్పటికి పిందెలున్నాయండీ. పిందెలు!

పోనీ వెనక్కి మారుద్దామంటే, తడిసిన తోటమట్టి లీటరుకు కిలోన్నర తూగుతుంది. 50 లీటర్ల కుండీ అంటే 75 కిలోలు. పెట్టేటప్పుడు పొడిమట్టి పోసి, తర్వాత గొట్టంతో నీళ్లు పట్టి వెళ్లిపోయిన మనిషి, దించేటప్పుడు నడుము నొప్పి అన్నారు.

ఆ తర్వాత జరిగిన ప్రతి శుభకార్యంలోనూ ఆయన నలుగురి మధ్య నన్ను అడిగే మాట ఒక్కటే: "ఏమోయ్, నీ దానిమ్మ ఇంకా కాయలేదా?" నలుగురూ నవ్వుతారు. నేనూ నవ్వాలి, ఎందుకంటే ఆయన బావగారు.

ఇప్పుడు ఈ నిమ్మ వచ్చిన సంగతి ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. ఎవరు చెప్పారో కనుక్కుంటాను. "పెద్ద కుండీ ఒకటి ఖాళీగా ఉంది, ఆదివారం తీసుకొస్తాను" అని సందేశం పెట్టారు. ఆదివారం నేను ఇంట్లో ఉండను, మేడ తలుపుకు తాళం ఉంటుంది, తాళం చెవి నా జేబులో ఉంటుంది.