రెండొందల మెగాపిక్సెళ్ళ వీధి బాగోతం

వీధి ఫోటోలు తీయడానికి ఏ ఫోను కొనాలన్న ప్రశ్న మీద మా నెల్లూరు కుర్రాళ్ళు చేస్తున్న పరిశోధన, ఈపాటికి ఏదైనా విశ్వవిద్యాలయం పిలిచి డాక్టరేటు ఇవ్వాల్సిన దశకు చేరింది. సగం మంది ఇంకా ఫోను కొనలేదు. కొన్నవాళ్ళలో సగం మంది ఇంకా ఫోటో తీయలేదు. తీసినవాళ్ళు లేకపోలేదు గానీ, వాళ్ళు తీసింది వీధిని కాదు, ఫ్లెక్సీని.

ఫ్లెక్సీకి ఇలాంటి శాస్త్రీయ ప్రయోజనం ఉందని దాన్ని కట్టించుకున్న నాయకులకు కూడా తెలిసుండదు. లెన్సులను పరీక్షించడానికి బయటి దేశాల్లో నల్లగీతలూ తెల్లగీతలూ ఉన్న చార్టులు అచ్చేసి అమ్ముతారు. మనకా ఖర్చు లేదు. గాంధీబొమ్మ సెంటర్లో టీ గ్లాసు పట్టుకుని తలెత్తితే చాలు, ఎదురుగా ఎవరిదో ఒకరిది పుట్టినరోజు ఉంటుంది.

పరీక్షా విధానం ఇది. నలుగురు కుర్రాళ్ళు, నాలుగు ఫోన్లు, రోడ్డుకవతల ఒక ఫ్లెక్సీ. నడుమ నిలువెత్తున నమస్కారం పెడుతున్న నాయకుడు జూమ్ లేకుండానే కనపడతాడు. ఆయన్ని లెక్కలోకి తీసుకోరు. ఆయన భుజం దగ్గరుండే రెండో శ్రేణి తలకాయలకు మూడు రెట్ల జూమ్. కింద వరుసలో హోదా తగ్గేకొద్దీ సైజు తగ్గుతూ వచ్చే ‘శుభాకాంక్షలు తెలుపువారు’కి పది రెట్లు. ఆ చివర, బొట్టుబిళ్ళంత తలకాయకు ముప్ఫై రెట్లు. అతను నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడా, లేక కళ్ళే అట్టా ఉన్నాయా అన్న దాని మీద ఒక రౌండు టీ నడుస్తుంది. చిట్టచివరి పరీక్ష, సివిల్స్ ఇంటర్వ్యూ లాంటి ఘట్టం, ఫ్లెక్సీ అడుగున మూలకు ఉండే ప్రింటింగు షాపు సెల్ నంబరు. అది చదివిన ఫోనే మొనగాడు.

మొన్న ఆ నంబరు దగ్గరే గొడవొచ్చింది. ‘చివర్లో ఎనిమిది’ అని ఒకడు. ‘నీ ఫోన్లో అట్టనే ఉంటాది, అది మూడు’ అని ఇంకొకడు. ‘మీరిద్దరూ ఉండండి బా, నాది దూరం లాగే పెరిస్కోప్ లెన్సు, సున్నా చూపిస్తా ఉంది’ అని మూడోవాడు. రోడ్డు దాటి వెళ్ళి చూస్తే ఇరవై అడుగులు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, వచ్చినా అది మోసం కిందికొస్తుంది. చివరికి నాలుగోవాడు, తక్కువ ధర ఫోనువాడు, మూడు నంబర్లకూ వరసగా రింగిచ్చి చూద్దామన్నాడు. మొదటిదానికి ఎవరో ముసలాయన తిట్టాడు. రెండోదానికి అవతల నుంచి ఆప్యాయంగా ఒక గొంతు: ‘చెప్పన్నా, ఏ సైజు?’ వీడు తడబడ్డాడు. ‘పన్నెండు బై ఎనిమిదా? బర్త్‌డేనా, అయ్యప్ప పూజా? ఎన్ని ఫోటోలొస్తాయి? మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టన్నా.’ ఏ ఫోను గెలిచిందో చూసుకునే సంగతే ఆ గాభరాలో మర్చిపోయారు. ఫ్లెక్సీ రేటు మాత్రం నలుగురికీ తెలిసింది.

ఈ విచారణ జరుగుతుండగా టీ కొట్టు ముందు నుంచి ఒక ఎక్సెల్ బండి పోయింది. వెనక కూర్చున్నతను డ్రెస్సింగ్ టేబుల్ అద్దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. అద్దం వెనక అతని మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట ట్రంకు రోడ్డు ఉంది. సిటీ బస్సు అందులోకి దూరింది, గాంధీ బొమ్మ కాసేపు ఎక్సెల్ మీద సవారీ చేసింది, పైకెత్తిన నాలుగు ఫోన్లు ఒక్క మెరుపు మెరిసి జారిపోయాయి. వీధి ఇంతకన్నా ఏమిస్తుంది? నాలుగు ఫోన్లలో ఏదో ఒకటి కిందికి దించి ఉంటే చాలు. కానీ ఆ సమయానికి వాళ్ళు సున్నా మీద ఉన్నారు.

ఇక మెగాపిక్సెళ్ళు, అంటే ఫోటోలో ఎన్ని పది లక్షల చుక్కలున్నాయన్న లెక్క. 2007లో వచ్చిన మొదటి ఐఫోను కెమెరాకు రెండు మెగాపిక్సెళ్ళు. ఇప్పుడు షాపులో రెండొందలవి ఉన్నాయి. అయితే ఆ రెండొందల ఫోను మామూలుగా మన చేతికిచ్చే ఫోటో పన్నెండున్నర మెగాపిక్సెళ్ళదే. విడివిడిగా ఆ పిక్సెళ్ళు మరీ చిన్నవి, ఒక్కోదానికి అందే వెలుతురు చాలదు. అందుకని పదహారింటిని కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. ఆ పన్నెండున్నరను మనవాడు ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, హెచ్‌డీ నొక్కడం మర్చిపోతాడు, వాట్సాప్ దాన్ని కుదించి కుదించి రెండు మెగాపిక్సెళ్ళ దరిదాపుల్లోకి తెస్తుంది. లక్ష రూపాయలు పెట్టి 2007కి తిరిగొచ్చాం.

‘సెన్సర్ సైజు చూడాలన్నా’ అంటారు ఇంకొంచెం చదువుకున్నవాళ్ళు. నిజమే, చూడాలి. లెన్సు వెనక వెలుతురు పట్టే ఆ పలక పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది, సాయంత్రం ఆరు దాటాక ఆ తేడా తెలుస్తుంది. కానీ ‘ఒక అంగుళం సెన్సర్’ అన్నదాన్ని స్కేలు పెట్టి కొలిస్తే పొడవు 13.2 మిల్లీమీటర్లు. అంగుళంలో సగం. పాతకాలపు వీడియో కెమెరా గొట్టాల నుంచి వచ్చిన పేరది, గొట్టాలు పోయి అంగుళం మిగిలింది. ఇంచు ఇంచుకూ తగాదా పడే మన స్థలాల బ్రోకర్లు కూడా ఇంత ధైర్యం చెయ్యరు. చవక ఫోన్ల వెనక లెక్క పెంచడానికి అతికించే, మరీ దగ్గరి వస్తువులు తీసే రెండు మెగాపిక్సెళ్ళ మాక్రో లెన్సు గురించి ఏమీ రాయను. చచ్చినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదు.

చందమామ సంగతి మాత్రం రాయాలి. షాపువాళ్ళు కెమెరా గొప్పదనం చూపించాలంటే ముందు చందమామను చూపిస్తారు. చందమామ వీధి కాదు గదా అని అడిగే కస్టమరు ఇంతవరకూ పుట్టలేదు. 2023లో ఒకాయన చందమామ బొమ్మను కావాలని మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి శాంసంగ్ ఫోనుతో తీశాడు. బొమ్మలో లేని గుంటలన్నీ ఫోటోలోకి వచ్చి కూర్చున్నాయి. చందమామను గుర్తుపడితే కృత్రిమ మేధతో వివరాలు మెరుగుపరుస్తామని తర్వాత కంపెనీయే వివరణ ఇచ్చింది. లెన్సు చూడనిది ఫోనుకు తెలుసన్నమాట. ఈ తెలివి చందమామతో ఆగితే నాకేం అభ్యంతరం లేదు. దానికి రేషన్ కార్డు లేదు, కేసు పెట్టదు.

వీధిలో పనికొచ్చేవి నిజానికి చాలా చప్పగా ఉంటాయి, అందుకే వాటి మీద ఎవరూ వీడియోలు చెయ్యరు. పవర్ బటన్ రెండుసార్లు నొక్కగానే కెమెరా తెరుచుకుంటుందా, లేక కాసేపు ఆలోచిస్తుందా? నొక్కిన క్షణం పడుతుందా, మనిషి దాటిపోయాక పడుతుందా? తీసిన వెంటనే రెండోది తియ్యనిస్తుందా? వీధి ఫోటోలకు ఎప్పటినుంచో వాడుతున్నవి 28, 35, 50 మిల్లీమీటర్ల లెన్సులు. మన ఫోన్లలో మెయిన్ కెమెరా చాలావాటికి 24కి అటూ ఇటూ ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో వీధి ఎక్కువ పడుతుంది, మనిషి చిన్నగా పడతాడు. అంటే మనిషి నిండుగా పడాలంటే మనమే రెండడుగులు ముందుకెయ్యాలి. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాఁ జీవితంలో ఎక్కువ భాగం ఒక చిన్న లైకా కెమెరా, ఒక 50 లెన్సుతో గడిపాడు. కెమెరా మీది మెరిసే భాగాలు జనం కంట పడకుండా నల్ల టేపు అంటించుకున్నాడు. మనవాడు వెనక అరచేతి మందాన పొంగిన లెన్సుల గుత్తిని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, స్టోన్‌హౌస్‌పేటలో ఎవరూ సహజంగా ఉండటం లేదని బాధపడతాడు. ఆ లెన్సు మీద పొద్దున తిన్న దోశ నూనె ఉంటుంది. అది తుడవాలని ఏ రివ్యూలోనూ చెప్పలేదు.

నైట్ మోడ్ కూడా అంతే. కదలని వాటికి బంగారం. రాత్రిపూట రంగనాయకుల గుడి గోపురాన్ని తియ్యండి, కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. అదే మోడ్‌లో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గరికి, రొట్టెల పండక్కి పొండి. అక్కడ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతున నిలబడి ఆడవాళ్ళు రొట్టె ఇచ్చేది, పుచ్చుకునేది ఒక్క క్షణం. ఫోను మాత్రం సెకన్ల తరబడి ఫ్రేము మీద ఫ్రేము పేర్చుకుంటూ ‘కదలకండి’ అని తెర మీద ఆర్డరేస్తుంది. వచ్చిన ఫోటోలో ఉద్యోగం రొట్టె పట్టుకున్న అమ్మకు మూడు చేతులుంటాయి. కోరిక తీరిందో లేదో తెలీదు గానీ చెయ్యి మాత్రం పెరిగింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణించి నాకు నవ్వు రావడం లేదు.

చేపల మార్కెట్లో ఒకామె వంజరం ముక్కలు కొడుతుంటుంది. అరవై దాటి ఉంటాయి. కత్తిపీట కాలికింద అదిమి, తల ఒక దెబ్బ, నడుం మూడు దెబ్బలు. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఎండకు మెరుస్తుంటాయి. మైపాడు ఉప్పుగాలీ నెల్లూరు మే నెలా కలిసి ఆ మొహం మీద గీసిన గీతలు ఏ చిత్రకారుడూ గియ్యలేడు. ఒక కుర్రాడు అడిగే తీశాడు, అంతవరకూ మర్యాదస్తుడే. తీసి చూపించాడు. ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుని, ఫోను దగ్గరికి లాక్కుని చూసి, ‘ఎవురబ్బయా ఈ యమ్మ?’ అంది.

అందులో ఆమె లేదు. గీతలు లేవు, చెంప మీది పుట్టుమచ్చ లేదు, ఒంటి రంగు రెండు మెట్లు తెల్లబడింది. కుర్రాడు ఏ బటనూ నొక్కలేదు. పెట్టెలోంచి తీసినప్పటి నుంచీ ఫోను అలాగే ఉంది. అసలు ఎవడు అడిగాడయ్యా నిన్ను? ఆ నలుపు ఆమె అమ్మానాన్నలిచ్చింది. ఆ ముడతలు ఆమె ఎండలో నిలబడి సంపాదించుకుంది. ఎవడబ్బ సొమ్మని తుడిపేశావు? పొలుసు ఒక్కోటీ లెక్కపెట్టేంత స్పష్టంగా తీశావే, చేప చర్మానికి ఇచ్చిన మర్యాద మనిషి చర్మానికి ఇవ్వడానికి ఏం రోగం?

ఇది కొత్త జబ్బు కూడా కాదు. ఒకప్పుడు కోడాక్ కలర్ ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి తెల్లటి ఆడమనిషి ఫోటో ఉన్న కార్డు వాడేవారు, దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు. నల్లవాళ్ళ మొహాలు అందులో మసిగుడ్డలయ్యేవి. ఆ కంపెనీ ముదురు గోధుమ రంగును పట్టించుకోవడానికి చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మేవాళ్ళ ఫిర్యాదులు ఒక కారణమని అక్కడ పనిచేసిన వాళ్ళే తర్వాత చెప్పారు. మనుషుల కోసం కాదు, బీరువా కోసం. గూగుల్ 2021లో తన పిక్సెల్ 6 ఫోనుతో ‘రియల్ టోన్’ అని ఒకటి తెచ్చింది, అన్ని రకాల ఒంటి రంగులూ ఉన్నవి ఉన్నట్టు రావాలని. మంచిదే. కానీ ఉన్నది ఉన్నట్టు రావడాన్ని ఒక ఫీచరని పేరు పెట్టి చెప్పుకోవాల్సి రావడం చూస్తే మిగతా ఫోన్లు ఏం చేస్తున్నాయో అర్థమవుతుంది.

అందుకని ఫోను చూడటానికి పోయినప్పుడు నేను షాపు కుర్రాణ్ణి ఒక్కటే అడిగాను, మొహాలు నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆఫ్ చేసి చూపించమని. అతను కెమెరాలో ఒకచోట ఆఫ్ చేశాడు. పోర్ట్రెయిట్‌లో ఇంకా ఉంది. అక్కడా తీశాడు. ఏఐ అని ఇంకోటి బయటపడింది. అదీ తీసి, కెమెరా మూసి తెరిస్తే మొదటిది మళ్ళీ ఆన్‌లో ఉంది. పాపం చెమటలు పట్టాయి.

‘ఇంతకీ ఎవర్ని తీస్తారు సార్?’

‘చేపలమ్మే ఆమెను.’

‘ఆమెకు ఇంత ఫోనెందుకు సార్?’

పక్క షాపుకి పోయాను. అక్కడి కుర్రాడు కూర్చోమని కుర్చీ వేసి, గ్యాలరీ తెరిచి, ముందుగా చందమామను చూపించాడు.