ప్రేమ్ మాథుర్‌కు దక్కని ఎడమ సీటు

దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఎవరంటే పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఠక్కున ప్రేమ్ మాథుర్ అంటారు. ఆమెకు ఉద్యోగమిచ్చింది హైదరాబాద్ బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ అనీ, విమానం కమాండ్, అంటే కెప్టెన్ అధికారం మాత్రం ఆ సంస్థే ఆమె చేతికి ఇవ్వలేదనీ చాలామందికి తెలియదు. ఆమె జీవితంలో మనం ఎక్కువసేపు ఆగి చూడాల్సింది ఈ రెండో విషయం దగ్గరే.

అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షణ పొంది 1947లో లైసెన్సు సంపాదించారామె. ఆడమనిషి అన్న కారణంతో ఎనిమిది ఎయిర్‌లైన్స్ వద్దన్నాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా తీసుకుంది. 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు. విమానం నడపడం వచ్చా రాదా అన్న అనుమానం ఎవరికైనా ఉండి ఉంటే ఆ గెలుపుతో తీరిపోవాలి. అయినా ఎడమవైపు కెప్టెన్ సీటు రాలేదు.

అప్పటి డకోటా డీసీ-3 విమానంలో కో-పైలట్ కూర్చునే కుడి సీటు పని తేలికేమీ కాదు. చక్రాలను, రెక్కల వెనక ఉండే ఫ్లాప్‌లను కదిలించే హైడ్రాలిక్ లివర్లు ఆ వైపే ఉంటాయి. నేల వదలగానే కెప్టెన్ సైగ చేస్తాడు. కో-పైలట్ కింద ఉన్న సేఫ్టీ లాచ్ విప్పాలి, చక్రాలు మడిచే గేర్ లివర్ ఎత్తాలి, ప్రెజర్ గేజ్ మీద కన్నేసి ఉంచాలి, ఇంజిన్ వేడిని బట్టి దానికి గాలి అందించే కౌల్ ఫ్లాప్‌లు సర్దాలి. ఒళ్లు వంచి చేసే ఈ పనులన్నీ ఆమెకు అప్పగించారు. నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం ఇవ్వలేదు.

ఆడవాళ్లకు బలం చాలదన్న వాదన ఈ వృత్తిలో చాలాకాలం వినబడింది. డకోటాకు 1200 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు. టేకాఫ్‌లో ఒకటి ఆగిపోతే విమానం ముక్కు ఆగిన ఇంజిన్ వైపుకు లాగేస్తుంది. వెంటనే పనిచేస్తున్న ఇంజిన్ వైపు రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ తొక్కిపట్టి, ఆ వైపుకే సుమారు 5 డిగ్రీలు విమానాన్ని వాల్చాలి. చక్రాలు మడిచి, ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయాలి, అంటే గాలికి అడ్డుపడకుండా దాని రెక్కలను తిప్పాలి. ఆ తర్వాత రడ్డర్‌ను ఆ స్థితిలోనే నిలిపే ట్రిమ్ చక్రం తిప్పితే కాలి మీద భారం తగ్గుతుంది. పెడల్ బరువుగానే ఉంటుంది, నిజమే. కానీ ఇలాంటప్పుడు ప్రాణం మీదికి తెచ్చే తప్పులు వేరే: కంగారులో బాగున్న ఇంజిన్‌నే ఫెదర్ చేసేయడం, వేగం పడిపోనిచ్చి రడ్డర్ పట్టు పోగొట్టుకోవడం. ఈ రెండింటి నుంచీ కాపాడేది కండబలం కాదు, సాధన.

కమాండ్ నిరాకరణను అవమానంగానే చూస్తే సగమే అర్థమైనట్టు. ఇప్పటి నిబంధనలే చూడండి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు)కు 1500 గంటలు, అందులో కొన్ని వందల గంటలు సొంత కమాండ్‌లోనో పర్యవేక్షణలో కమాండర్‌గానో ఉండాలి. ఈ కమాండ్ గంటలు లాగ్‌బుక్‌లో చేరాలంటే ముందు కంపెనీ ఆ అవకాశం ఇవ్వాలి. లైసెన్సు మన చదువుతో వస్తుంది, కమాండ్ యాజమాన్యం నమ్మకంతో వస్తుంది. ఆ తలుపు మూసేస్తే ఎంత నేర్పున్నా కెరీర్ అక్కడే ఆగిపోతుంది.

మాథుర్ దక్కన్‌ను వదిలి ఢిల్లీ వెళ్లారు, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానం నడిపారు. 1953లో, దక్కన్‌తో సహా ఎనిమిది సంస్థలు విలీనమైన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. 1966లో దుర్బా బెనర్జీ అదే సంస్థలో పైలట్‌గా అడుగుపెట్టారు. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్, నివేదితా భాసిన్ కోల్‌కతా–సిల్చర్ ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం నడిపినప్పుడు రెండు సీట్లలోనూ మహిళలే ఉన్నారు. మాథుర్ లైసెన్సుకూ ఆ దృశ్యానికీ మధ్య 38 ఏళ్లు. 1990లో భాసిన్ 26 ఏళ్లకే బోయింగ్ 737 కెప్టెన్ అయ్యారు.

నేడు మన పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం, ప్రపంచ సగటు 5 శాతం దగ్గర. గర్వించదగ్గదే. కానీ ఆ 15లో కెప్టెన్లు, ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) కలిసిపోయి ఉంటారు. అసలు జల్లెడ కో-పైలట్ కెప్టెన్‌గా మారే కమాండ్ అప్‌గ్రేడ్ దగ్గరే ఉంది. గంటలు, సీనియారిటీ, ఖాళీలు కలిసి రావాల్సిన వయసూ, పిల్లల్ని కనే వయసూ చాలామందికి ఒకటే. 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు లేకపోతే రీసెన్సీ, అంటే ప్రయాణికులతో ఎగరడానికి కావలసిన తాజా అనుభవం పోతుంది. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లకు మెడికల్, సిమ్యులేటర్, చెక్ ఫ్లయిట్ ఒకదాని వెనక ఒకటి. ఈలోగా తోటివాళ్ల లాగ్‌బుక్ నిండుతూనే ఉంటుంది.

ఇబ్బంది లేని గర్భమైతే 12వ వారం చివరి నుంచి 26వ వారం చివరి దాకా వైద్య పర్యవేక్షణలో ఎగరనివ్వవచ్చని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాలే చెబుతున్నాయి. సెలవు ముగిసే తేదీకి సిమ్యులేటర్ స్లాట్ ముందే కేటాయించడం ఏ ఎయిర్‌లైన్‌కూ అసాధ్యం కాదు. మహిళా కెప్టెన్ల సంఖ్యను విడిగా, కుడి సీటు నుంచి ఎడమ సీటుకు చేరడానికి స్త్రీపురుషులకు పట్టిన సగటు కాలాన్ని పక్కపక్కన పెట్టి ప్రతి సంస్థా ఏటా ప్రకటించాలి.