మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయిపోదు

ఎన్‌సీసీ 'బి', 'సి' సర్టిఫికెట్ పరీక్షలు దగ్గరపడినా, కొత్త కానిస్టేబుళ్ల ట్రైనింగ్ మొదలైనా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరుగుతుంది. తుపాకీ అంటే భయం వదిలేయండి అంటూ ఆరు "నిజాలు" చెబుతుంది. మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ. సేఫ్టీ వేసి ఉంటే కింద పడినా పేలదు. పేలని రౌండ్ చచ్చిన రౌండ్, వెంటనే తీసి చూడొచ్చు. బ్లాంక్‌లో (శబ్దం కోసమే పేల్చే రౌండ్‌లో) గుండు ఉండదు కాబట్టి హాని లేదు. పాయింట్ టూటూ (.22 రైఫిల్) పిల్లల తుపాకీ, గాల్లోకి కాల్చినా ఏమీ కాదు. ఉస్తాద్, అంటే ఆయుధం నేర్పే శిక్షకుడు, ఒకసారి చూసిన తుపాకీని మళ్లీ చూడక్కర్లేదు.

ఈ ఆరూ తప్పే. కొన్నింటిలో అర పాలు నిజం ఉంది. అది ఎక్కడిదో తెలిస్తే తప్పు ఇంకా బాగా అర్థమవుతుంది.

"మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ"

ఆరింటిలో ఎక్కువ ప్రాణాంతకమైన మాట ఇదే. మ్యాగజైన్ అనేది రౌండ్లు, అంటే ఇత్తడి గొట్టంలో మందూ దాని ముందు గుండూ ఉన్న తూటాలు, ఉంచుకునే పెట్టె మాత్రమే. రౌండ్ పేలేది ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక కొసన రౌండ్ ఇమిడి కూర్చునే గదిలో. కాకింగ్ హ్యాండిల్ వెనక్కి లాగి వదిలితే బోల్ట్ (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే ఉక్కు దిమ్మ) ముందుకొస్తూ మ్యాగజైన్‌లో పైనున్న రౌండును తోసుకెళ్లి ఛాంబర్‌లో కూర్చోబెడుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ ఊడదీసినా ఆ రౌండ్ అక్కడే ఉంటుంది. ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్‌లో 20 రౌండ్లు నింపి, ఒకసారి కాక్ చేసి, మ్యాగజైన్ తీసి లెక్కపెట్టండి. 19 ఉంటాయి. మిగిలిన ఒక్కటీ ఛాంబర్‌లో ఉంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్, ఏకే, పాత త్రీనాట్‌త్రీ, వీటిలో ఏదీ మ్యాగజైన్ లేదు కదా అని కాల్చడం మానదు.

మరి ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది? బ్రౌనింగ్ హై పవర్ పిస్టల్‌లో మ్యాగజైన్ బయటికి తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే చిన్న ఏర్పాటు ఉంటుంది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్‌కు మూలం ఆ హై పవరే. పిస్టల్ మీద నేర్చుకున్న మాటను రైఫిల్‌కు అంటగట్టేశారు. నిజానికి ఆ పిస్టల్‌లో కూడా రౌండ్ ఛాంబర్‌లోనే ఉండిపోతుంది. మ్యాగజైన్ మళ్లీ పెట్టగానే ట్రిగ్గర్‌కు ప్రాణం వస్తుంది. ఆ ఏర్పాటును ఎవరైనా ఊడదీసి ఉంటే అదీ ఉండదు.

ఇంతకంటే మోసం చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. మ్యాగజైన్ తీయాలనీ, కాక్ చేయాలనీ, రెండూ చేయాలని తెలిసినవాళ్లే ఇందులో పడతారు, ఎందుకంటే వరస తారుమారవుతుంది. ముందు కాకింగ్ హ్యాండిల్ లాగుతారు. ఛాంబర్‌లోని రౌండ్ ఎగిరి కింద పడుతుంది. అది కళ్లారా కనబడింది కాబట్టి మనసు కుదుటపడుతుంది. కానీ హ్యాండిల్ వదిలినప్పుడు మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది. బోల్ట్ ముందుకెళుతూ ఇంకో రౌండును ఛాంబర్‌లోకి ఎక్కించేసింది. అప్పుడు మ్యాగజైన్ తీసి, "ఖాళీ" అని ట్రిగ్గర్ నొక్కుతారు. నేల మీద పడిన ఆ రౌండే మనిషిని మోసం చేస్తుంది.

సరైన వరస ఇది. తుపాకీ మూతి ఇసుక డ్రమ్ము వైపో, ఫైరింగ్ రేంజ్‌లో అయితే టార్గెట్ వైపో పెట్టండి. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, చాచి, రైఫిల్ పక్కకు ఆనించి ఉండాలి. సేఫ్టీ వేయండి. మ్యాగజైన్ తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే కాకింగ్ హ్యాండిల్ పూర్తిగా వెనక్కి, రెండు మూడుసార్లు. ఏకేలో సేఫ్టీ వేసి ఉంటే హ్యాండిల్ పూర్తిగా వెనక్కి రాదు. కాబట్టి మ్యాగజైన్ తీశాక సేఫ్టీ లీవర్ దించి కాక్ చేయాలి. ఇప్పుడు బోల్ట్‌ను వెనక్కి పట్టుకుని ఛాంబర్‌లోకి చూడండి. ఒకటికి మూడుసార్లు లాగినా చూడటం తప్పదు, ఎందుకంటే రౌండును పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు విరిగినా, అరిగినా బోల్ట్ వెనక్కొస్తుంది గానీ రౌండ్ ఛాంబర్‌లోనే మిగిలిపోతుంది. బయటికి ఏమీ రాలేదంటే ఖాళీ అని కొందరు లెక్క వేసుకుంటారు. గోరు పట్టు తప్పినప్పుడు కూడా బయటికి ఏమీ రాదు.

రాత్రి డ్యూటీలో, వెలుతురు లేనిచోట చిటికెన వేలి కొసతో ఛాంబర్ నోటిని తడమాలి. ఖాళీగా ఉంటే వేలికి గుండ్రటి అంచు, మధ్యలో బోలు తగులుతాయి. రౌండ్ ఉంటే చదునైన, చల్లటి ఇత్తడి బిళ్ల తగులుతుంది. 5.56 రౌండ్ అడుగు దాదాపు 9.6 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, పొరబడే అవకాశం లేదు. చూడటం, తడమటం అయ్యాకే బోల్ట్ ముందుకు వదిలి, మూతి ఇసుకలోనే ఉంచి, ట్రిగ్గర్ నొక్కి స్ప్రింగును సడలించి, మళ్లీ సేఫ్టీ వేయాలి. ఆ ట్రిగ్గర్ నొక్కడం చివరి మెట్టు. ఖాళీయో కాదో తెలుసుకోవడానికి ట్రిగ్గర్ నొక్కేవాళ్లున్నారు. వాళ్లు పరీక్షను కాల్పుతో మొదలుపెడుతున్నారు.

"సేఫ్టీ వేసి ఉంటే కింద పడినా పేలదు"

చాలా రైఫిళ్లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను, లేదా ట్రిగ్గర్‌కు అనుబంధంగా ఉన్న భాగాలను. రౌండ్ అడుగున ఉండి దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్‌ను కాదు. అమెరికన్ ఎం16 తరహా రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ బోల్ట్ లోపల వదులుగా ఉంటుంది. బోల్ట్ దబ్బున మూసుకున్నప్పుడు పిన్ ముందుకు జారి ప్రైమర్ మీద చిన్న గాటు పెడుతుంది. కాల్చకుండా బయటికి తీసిన రౌండ్ అడుగున ఆ గాటు కంటికి కనబడుతుంది. మిలిటరీ ప్రైమర్లను గట్టిగా చేయడానికి ఇదొక కారణం.

కింద పడితే ఏమవుతుందన్నదానికి పాఠం చెప్పినవి పాత స్టెన్ గన్లు. స్టెన్ ఓపెన్ బోల్ట్ ఆయుధం. మన 9 ఎంఎం కార్బైన్ కూడా ఓపెన్ బోల్ట్ కుటుంబానిదే. వీటిలో కాల్చడానికి సిద్ధంగా ఉన్నప్పుడు బోల్ట్ వెనక ఉంటుంది, ఛాంబర్ ఖాళీగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే బరువైన బోల్ట్ ముందుకు దూకి, దారిలో రౌండును తీసుకెళ్లి, ఛాంబర్‌లో పెడుతూనే పేలుస్తుంది. ఇప్పుడు బోల్ట్ ముందుండి, మ్యాగజైన్ తగిలించి ఉందనుకోండి. బట్ (తుపాకీ వెనక కొస) నేలకు గట్టిగా తగిలితే ఆ అదురుకు బోల్ట్ వెనక్కి జారుతుంది. మ్యాగజైన్ దాటేంత జారి, ట్రిగ్గర్ కొక్కేనికి చిక్కేంత జారకపోతే, స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. రౌండ్ పేలుతుంది. ట్రిగ్గర్‌ను ఎవరూ తాకనేలేదు. అందుకే తర్వాతి స్టెన్లలో కాకింగ్ హ్యాండిల్‌ను లోపలికి నొక్కి బోల్ట్‌ను ముందే బిగించి ఉంచే ఏర్పాటు చేశారు.

ఓపెన్ బోల్ట్ ఆయుధాన్ని ఖాళీ చేసేటప్పుడు మ్యాగజైన్ ముందు తీయకపోతే తప్పు అక్కడికక్కడే పేలుతుంది. అక్కడ బోల్ట్‌ను ముందుకు వదలడమే కాల్చడం.

లీవర్ గురించి ఇంకో ముక్క. ఏకేలో సేఫ్టీ పైన ఉంటుంది. కిందికి దించితే మొదట వచ్చేది ఆటోమేటిక్, అట్టడుగున సింగిల్. కంగారులో సగం దించి వదిలేస్తే ఒక్క రౌండ్ అనుకున్నచోట వరసగా పోతాయి. ఇన్సాస్‌లో సింగిల్, మూడు రౌండ్ల బర్స్ట్ ఉంటాయి. చేతిలో ఏ ఆయుధం ఉందో దాని లీవర్ వరస విడిగా నేర్చుకోవాల్సిందే.

"పేలని రౌండ్ చచ్చిన రౌండ్, వెంటనే తీసి చూడొచ్చు"

ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మని ఊరుకుంది. ప్రైమర్ నిజంగానే పాడై ఉండొచ్చు. లేదా ప్రైమర్ నిప్పు ఆలస్యంగా మందుకు అంటుకుంటూ ఉండొచ్చు. దీన్ని హ్యాంగ్ ఫైర్ అంటారు. ఆ క్షణంలో బోల్ట్ తెరిస్తే రౌండ్ ఛాంబర్ బయట పేలుతుంది. చుట్టూ ఉక్కు గోడ లేనప్పుడు ఇత్తడి గొట్టమే చీలి ముక్కలుగా ముఖం మీదికి వస్తుంది. రేంజ్‌లో మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు తీసి, చెయ్యెత్తి, కనీసం 30 సెకన్లు ఆగాలి. ముఖం పక్కకు తిప్పి ఆ తర్వాతే బోల్ట్ తెరవాలి. యుద్ధంలో జవాను వెంటనే కాక్ చేసి కాల్పులు కొనసాగిస్తాడు, అది నిజమే. అక్కడ ఎదుట శత్రువున్నాడు, ఆగడమే పెద్ద ప్రమాదం. రేంజ్‌లో ఆ తొందర లేదు.

'ఠప్' అనాల్సింది 'పుస్' మని మెత్తగా పలికితే ఇంకా జాగ్రత్త. మందు చాలక గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. వెనకనుంచి రెండో రౌండ్ కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఆ శబ్దం విన్నాక ఇంకో రౌండ్ ఎక్కించకుండా తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనబడుతోందో లేదో వెనకనుంచి చూడాలి. బ్యారెల్ తుడిచే పుల్ త్రూ తాడు చిందీ (గుడ్డ పీలిక) బ్యారెల్‌లో తెగిపోయి మిగిలినా ఫలితం ఇదే. ఫైరింగుకు ముందు బ్యారెల్ చూడమనేది అందుకే.

"బ్లాంక్‌లో గుండు ఉండదు కాబట్టి హాని లేదు"

గుండు ఉండదు, మందు ఉంటుంది. మూతి దగ్గర వేడి వాయువు, మందు రేణువులు, కొన్నింటిలో మూత ముక్కలు పెద్ద వేగంతో వస్తాయి. 1984 అక్టోబరులో అమెరికన్ నటుడు జాన్-ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో బ్లాంక్ నింపిన రివాల్వర్‌ను కణతకు ఆనించి నొక్కాడు. ఆ ఒత్తిడికి పుర్రె ఎముక విరిగి మెదడులోకి దిగింది. కొన్ని రోజులకు చనిపోయాడు. 1993 మార్చిలో నటుడు బ్రాండన్ లీ చావుకు కారణం పైన చెప్పిన ఇరుక్కున్న గుండే. సరిగ్గా తయారుచేయని డమ్మీ రౌండ్‌లోని గుండు ప్రైమర్ దెబ్బకు బ్యారెల్‌లో చిక్కుకుంది. ఎవరూ బ్యారెల్ చూడలేదు. తర్వాత దాని వెనక బ్లాంక్ పేల్చారు. గుండు మామూలు కాల్పులాగే బయటికొచ్చింది.

"పాయింట్ టూటూ పిల్లల తుపాకీ, గాల్లోకి కాల్చినా ఏమీ కాదు"

ఎన్‌సీసీలో 25 గజాల దూరంలో కాలుస్తారు కాబట్టి దాని గుండు అంతదూరమే పోతుందని అనుకోవడం ఈ మాటకు మూలం. 2.6 గ్రాముల ఆ చిన్న సీసపు గుండు కిలోమీటరున్నర దాకా పోగలదు. రాయికో, గట్టి నేలకో, నీటికో ఏటవాలుగా తగిలితే దిశ మార్చుకుని ఎగురుతుంది. టార్గెట్ వెనక మట్టి కట్ట ఎత్తుగా, రాళ్లు లేకుండా ఉండాలనేది అందుకే.

గాల్లోకి కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట దిగాలి. అమెరికన్ సైనికాధికారి జూలియన్ హ్యాచర్ 1920 ప్రాంతంలో ఫ్లోరిడాలో నిట్టనిలువుగా కాల్పించి చూశాడు. 150 గ్రెయిన్ల (దాదాపు 9.7 గ్రాముల) రైఫిల్ గుండు సెకనుకు దాదాపు 90 మీటర్ల వేగంతో కింద పడుతుందని తేలింది. చర్మం చీలడానికి సుమారు 60 మీటర్లు చాలు. పెళ్లి ఊరేగింపులో ఎవరూ నిట్టనిలువుగా కాల్చరు, వాలుగా కాలుస్తారు. వాలుగా పోయిన గుండు ఇంకా ఎక్కువ వేగంతో దిగుతుంది. 2019 ఆయుధాల సవరణ చట్టం ప్రకారం వేడుకల్లో ఇలా ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

"ఉస్తాద్ ఒకసారి చూసిన తుపాకీని మళ్లీ చూడక్కర్లేదు"

ఫైరింగ్ అయ్యాక "నిరీక్షణ్ కే లియే జాంచ్ శస్త్ర్" (తనిఖీకి ఆయుధం చూపండి) అన్న ఆజ్ఞ మీద ఉస్తాద్ ప్రతి ఛాంబర్ చూస్తూ వెళ్తారు. ఆయన చూసింది ఆ నిమిషంలో, ఆ చోట ఉన్న తుపాకీని. ఆ తర్వాత అది చేయి మారింది, ట్రక్కెక్కింది, కోత్‌లో (ఆయుధాల గదిలో) వరసలో నిలబడింది. మధ్యలో ఏం జరిగిందో ఆ పరీక్షకు తెలియదు.

కాబట్టి తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ మొదటినుంచి జరగాలి. ఇచ్చేవాళ్లు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి పట్టి, మూతి ఎవరి వైపూ లేకుండా ఛాంబర్ కనబడేలా చూపాలి. తీసుకునేవాళ్లు తొంగి చూసి, వేలితో తడిమి, "ఖాళీ, చూశాను" అని పైకి అనాలి. ఆ మాట వినబడ్డాకే ఇచ్చేవాళ్లు పట్టు వదలాలి. హోదాలో ఎంత పెద్దవారు అందించినా కొత్త కేడెట్ చూడనివ్వమని అడగొచ్చు, అడగాలి.