రెండు ఎక్స్‌రేలు కలిపినా కన్ను పోతుంది

ఈ గ్రహణం ఫార్వర్డ్ మెసేజి రావడం ఈ నెలలో ఇది పదకొండోసారి. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చివరికి నక్షత్రాలు చూడ్డానికి ఊరవతలికి పోయే మా నలుగురి గ్రూపులోకీ వచ్చింది. పైన "ఇస్రో శాస్త్రవేత్తల హెచ్చరిక", కింద "పదిమందికీ పంపండి", మధ్యలో ఆరు ముక్కలు. నిన్న మా మేనత్త ఫోన్ చేసి, "టెలిస్కోపు పట్టుకు తిరుగుతావు గదరా, ఇందులో నిజమెంత?" అంది. అత్తయ్యా, ఇది మీకోసం. పంపినవాళ్లు కూడా చదివితే సంతోషం.

"2027 ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటి." ఆరు నిమిషాలు నిజమే, పైన ఇంకో ఇరవై మూడు సెకన్లు కూడా వేసుకోండి. కానీ అది ఈజిప్టులో లక్సర్ దగ్గర. చంద్రుడి నీడ సుమారు 250 కిలోమీటర్ల వెడల్పు పట్టీలా స్పెయిన్ దక్షిణపు కొసని తాకి, మొరాకో, ఈజిప్టు, సౌదీ, యెమెన్, సోమాలియా మీదుగా పోతుంది. మన పడమటి తీరంలో సూర్యుడు కాస్త కొరికినట్టు కనిపిస్తాడు, అదీ ఆగస్టు మబ్బులు దయతలిస్తే. లైట్ల బిల్లు పెరగదు.

"గ్రహణం వేళ మాత్రమే రోకలి నిలబడుతుంది." మొన్న మంగళవారం పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టాను. నిలబడింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మామూలు రోజుల్లో ఎవరికీ నిలబెట్టి చూసే పనిలేదు, అంతే.

"అదే నెల 27న కుజుడు చందమామంత కనిపిస్తాడు." ఇది 2003 నాటి సరుకు. ఆ ఏడు కుజుడు 5.6 కోట్ల కిలోమీటర్ల దగ్గరకొచ్చాడు. టెలిస్కోపులో 75 రెట్లు పెంచి చూస్తే, మామూలు కంటికి కనిపించే చందమామంత ఉంటాడని ఎవరో రాశారు. ఫార్వర్డ్ అవుతూ అవుతూ టెలిస్కోపు రాలిపోయింది, చందమామ మిగిలింది. 2027లో కుజుడు దగ్గరకొచ్చేది ఫిబ్రవరిలో. ఆగస్టుకి బాగా దూరం జరిగిపోయి ఉంటాడు.

"గ్రహణం రోజు ఇస్రో కూడా రాకెట్ ఎగరెయ్యదు." 2010 జనవరి 15 గ్రహణానికి కేరళలోని తుంబా రాకెట్ కేంద్రం నుంచి వరసపెట్టి రాకెట్లు ఎగరేశారు. వాతావరణం పైపొరల్లోని గాలిని గ్రహణం ఏం చేస్తుందో కొలవడానికే. ఇస్రో పేరు పెట్టుకుని ఇస్రో మీదే అబద్ధమా!

"ఆకాశం ఫొటోలన్నీ కంప్యూటర్ రంగులు." ఇది నాకు కొంచెం తగిలింది. గొల్లకావిడి (ఆకాశంలో ఆ మూడు చుక్కల వరస) కింద వేలాడే నెబ్యులా, అంటే వాయువుల మబ్బు, ఫొటో పెట్టి వంద లైకులు కొట్టాను కదా, గులాబీ రంగులో, పువ్వులా. అది నలభై ఫొటోలు ఒకదానిమీద ఒకటి పేర్చినది. రంగు అబద్ధం కాదు, హైడ్రోజన్ వెలుగు అదే. అంత మసక వెలుతురులో మన కన్ను రంగు పట్టలేదు. టెలిస్కోపులో మాత్రం బూడిద రంగు పొగమరక. పక్కింటి పిల్ల చూసి, "రంగేదంకుల్?" అని నా మొహం వంక చూసింది. ఫొటో కింద ఆ సంగతి రాయకపోవడం నా తప్పే. ఒప్పుకుంటున్నాను.

ఇక అసలు ముక్క. "పాత ఎక్స్‌రే ఫిల్ములు రెండు కలిపి పట్టుకుని, లేదా పసుపు నీళ్ల పళ్లెంలో గ్రహణాన్ని క్షేమంగా చూడవచ్చు." ఇది రాసిన మహానుభావుడు ఎక్కడున్నాడో గానీ, ఒక్కసారి మా బావని కలవాలి.

1995 అక్టోబరు 24, దీపావళి మర్నాడు పొద్దున. మేడ మీద తాతయ్య ఛాతీ ఎక్స్‌రే పట్టుకుని వంతులేసుకున్నాం. నేను రెండుసార్లు చూసి టిఫినుకి దిగిపోయాను. బావ దిగలేదు. నొప్పి లేదు, మంట లేదు. కంటి వెనక పొరకి నొప్పి తెలియదు. సాయంత్రం పేపరు తీసి, "అక్షరాలు మింగేస్తోందిరా" అన్నాడు. చుట్టూ అన్నీ కనిపిస్తాయి, చూస్తున్న అక్షరం ఒక్కటే కనిపించదు. ఆ కుడికన్ను సంగతి మీకు నేను చెప్పాలా అత్తయ్యా? కన్నతల్లి మీరు. "అప్పుడు ఒకటే ఫిల్ము కదరా, రెండైతే ఫర్వాలేదేమో" అన్నారు చూడండి, అందుకే ఇంత రాస్తున్నాను.

ఫర్వా ఉంది. ఫిల్ము కంటికి కనిపించే వెలుగుని తగ్గిస్తుంది, కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్, అంటే వేడి) కిరణాల్ని చాలావరకు వదిలేస్తుంది. చీకటిగా ఉందనుకుని కనుపాప ఇంకా తెరుచుకుంటుంది. పైగా ఎముకలున్న చోట ఫిల్ము తెల్లగా ఉంటుంది, అక్కడ వెలుగు ఇంకా హాయిగా దూరుతుంది. ఎన్ని కలిపినా కనిపించే మసకే పెరుగుతుంది, ధైర్యం పెరుగుతుంది.

పసుపు నీళ్లా? నీటి పైపొర నూటికి రెండు పాళ్ల వెలుగు వెనక్కి కొడుతుంది, అంటే లక్షలో రెండు వేలు. సూర్యుడు వాలితే ఇంకా ఎక్కువ. సరైన గ్రహణం కళ్లజోడు లక్షలో మూడే వదులుతుంది. పసుపు కూరకి మంచిది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మన మీదుగానే పోయింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకుని కూర్చుంటే, అదే నీడ దారిలో ఉన్న ఊళ్లో మా అమ్మమ్మ అమ్మని గదిలో పెట్టి గడియ వేసింది. అమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది. నేనూ చాలాకాలం నవ్వాను. ఇప్పుడు నవ్వను. అమ్మమ్మ గడియ వల్ల ఎవరి కన్నూ పోలేదు. ఈ "సైన్సు" మెసేజి వల్ల పోతుంది.

గడియ వెయ్యమనడం లేదు. ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ని చూసే కళ్లజోళ్లకి అంతర్జాతీయ ప్రమాణం) అని రాసున్న కళ్లజోడు, గీతలు పడనిది, నమ్మకమైన చోట కొనండి. లేదంటే సూర్యుడికి వీపు పెట్టి వంటింటి జల్లెడ ఎత్తి పట్టుకోండి, నేలమీద వంద చిన్న సూర్యుళ్లు, వందా నెలవంకల్లా. వేపచెట్టు నీడలోనూ అంతే. మబ్బు పట్టిందా, రోకలి ఎలాగూ ఉంది.