కోడ్ చూసి పార్ట్ కొనకండి

వాట్సాప్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "చెక్ ఇంజన్ లైట్ వెలిగితే బ్లూటూత్ స్కానర్ పెట్టండి. కోడ్‌లో ఏ పార్ట్ వస్తే అది మార్చేయండి. లేదా బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు ఊడదీయండి. బండి బాగా నడుస్తుంటే పట్టించుకోనక్కర్లేదు." లోపం కోడ్ చదివే ఈ స్కానర్ పెట్టమన్నంత వరకే ఇందులో సరైన మాట.

కోడ్‌లో పార్ట్ రాదు. ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) తనకు కనబడిన లక్షణాన్నే రాసుకుంటుంది. పీ0171 అంటే లోపలికొచ్చే గాలికి తగినంత పెట్రోలు పడటం లేదని. ఆ సంగతి పట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్. చాలామంది దాన్నే మార్చేస్తారు, డబ్బు పోతుంది, లైట్ మళ్లీ వస్తుంది. కొనేముందు ఇంజన్ వేడెక్కనిచ్చి, స్కానర్ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నిలకడగా చేసే సవరణ) రెండూ కలిపితే సున్నాకు అటూఇటూ 10 శాతం లోపు ఉండాలి. ఐడ్లింగ్‌లో +20 దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు దిగితే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోంది. పగిలిన పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ చూడండి. రేజ్ చేసేకొద్దీ ఆ అంకె పెరిగితే ఫ్యూయల్ ఫిల్టర్‌నో, పంప్ ప్రెషర్‌నో అనుమానించాలి. లోపలికొచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో దానికి పట్టిన మురికి కూడా ఇదే పని చేస్తుంది. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి ఆరనివ్వండి, గుడ్డ పెట్టి తుడవొద్దు.

పీ0301 వస్తే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండటం లేదని. ఒక్కో స్పార్క్ ప్లగ్‌కు కరెంటిచ్చే కాయిల్ ఒక్కోటి ఉన్న బండైతే ఒకటో కాయిల్‌ను మూడోదానితో మార్చి పెట్టి, కోడ్ చెరిపి నడపండి. పీ0303 వస్తే కాయిలే పోయింది. పీ0301 అలాగే ఉంటే ప్లగ్ కూడా అలాగే మార్చి చూడండి, ఆ తర్వాతే ఇంజెక్టర్, కంప్రెషన్. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.

సెన్సర్ 'సర్క్యూట్' అని వచ్చే కోడ్‌లకు మొదట వైరింగే చూడాలి. కొన్నాళ్లు కదలని బండిలో ఎలుకలు కొరికిన వైర్లు, వానకు పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లు మన దగ్గర మామూలే. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ లాంటివాటిలో కనెక్టర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే ఒక వైరులో 5 వోల్టులు రావాలి. అది రాకుండా కొత్త సెన్సర్ వేసినా ఫలితం ఉండదు. సంబంధం లేని కోడ్‌లు ఒక్కసారిగా గుంపుగా వస్తే ముందు బ్యాటరీ, బాడీ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపే వైరు) చూసుకోండి.

టెర్మినల్ ఊడదీస్తే లైట్ ఆరుతుంది గానీ లోపం పోదు. పైగా చాలా బండ్లలో కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, ఇంజన్ వేడెంత, లోడెంత అన్నది అందులోనే ఉంటుంది. మెకానిక్‌కు దానికి మించిన ఆధారం లేదు. చెరిపేముందు స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక పట్టించుకోవద్దన్న మాట, అన్నిటికంటే ప్రమాదకరం. లైట్ నిలకడగా వెలిగితే రెండు మూడు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటే సిలిండర్ గట్టిగా మిస్ అవుతున్నట్టు. మండని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి, దాని లోపలి భాగాన్ని కరిగిస్తుంది. కాయిల్‌తో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా వెళ్తుంది. వెంటనే యాక్సిలరేటర్ వదిలి బండి పక్కకు ఆపండి, టోయింగ్ పిలిపించండి.