నల్గొండ, పాలమూరు దాటేసి పొమ్మన్న మెసేజ్‌కు జవాబు

భుజాన బ్యాగు వేసుకుని, ఇల్లు వదిలి నెలల తరబడి దేశం తిరిగే పిల్లల కోసం "సీనియర్ సలహా" పేరుతో ఒక మెసేజ్ కొన్నాళ్ళుగా గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది. రాసినాయన పేరు లేదు. చూడని వాళ్ళకు సారాంశం చెప్తాను. హైదరాబాద్ అయిపోయాక రాత్రి బస్సెక్కి పడుకోండి, హంపీ పోయాకే లేవండి. మధ్యలో నల్గొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) దిక్కు చూడటానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క పిల్లలమర్రి చెట్టు కూడా చచ్చిపోయింది. సొంత బండి లేకపోతే ఇరుక్కుపోతారు. తెలుగు రాకపోతే నోరు లేనట్టే. నల్గొండ నీళ్ళు తాగితే బొక్కలు (ఎముకలు) వంగుతాయి. అది వలసల జిల్లా, కొత్తవాళ్ళకు భద్రం కాదు. లాడ్జీల్లో గది ఇవ్వరు.

హంపీ పోవద్దని ఎవరూ అనరు. మా దిక్కు దిగకపోయినా మాకు పోయేదేమీ లేదు. కానీ వద్దనడానికి చెప్పిన కారణాల్లో ఒక్కటి తప్ప ఏదీ నిలబడదు, ఆ ఒక్కటీ సగమే నిజం. పైగా ఇక్కడ తిరిగేవాళ్ళను నిజంగా ఇబ్బంది పెట్టేవి కొన్ని ఉన్నాయి, వాటి ఊసే ఆ మెసేజ్‌లో లేదు.

"చూడటానికి ఏమీ లేదు" దగ్గర మొదలుపెడదాం. ఆయన పడుకోమన్న బస్సు కర్నూలు మీదుగా పోయేదైతే 44వ నంబరు హైవే మీదే పోతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక కర్నూలు ఇంకా రాకముందే ఆలంపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడ దిగితే షేర్ ఆటో దూరంలో తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలున్నాయి. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టినవి. హంపీలో మనం చూసే విజయనగరం ఇంకో ఆరేడు వందల ఏళ్ళకు గాని పుట్టలేదు. పేర్లేమో బాల బ్రహ్మ, కుమార బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, తీరా చూస్తే అన్నీ శివుడి గుళ్ళే. ఒక్క తారక బ్రహ్మ గుడి తప్ప మిగతావాటి శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా అంతస్తులుగా లేవవు. ఒరిస్సాలో, ఉత్తరాదిలో కనిపించే తీరున గోడ మీది నుంచే లోపలికి వంగుతూ లేచి పైన ఉసిరికాయ ఆకారంతో ముగుస్తాయి. స్వర్గ బ్రహ్మ గుడి చుట్టూ ఒకసారి తిరిగి, గోడల్లోని రాతి జాలీ కిటికీల ముందు నిలబడి చూడండి, తొందరగా కదలబుద్ధి కాదు. హంపీ నుంచి బాదామి పోవాలని రాసుకున్నవాళ్ళయితే ఇక్కడ దిగి తీరాలి. ఆ చాళుక్యులు తూర్పున ఏం కట్టారో చూడకుండా బాదామి ఒక్కటే చూస్తే కథ సగమే తెలుస్తుంది. ఇదే ఊళ్ళో కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు.

దారి మార్చుకోవాల్సిన పని కూడా లేదు. గద్వాల నుంచి రాయచూరుకు రైలుంది, రాయచూరు దాటితే గుంతకల్లు, అక్కడి నుంచి హోస్పేట. అంటే మా పాత పాలమూరు జిల్లా హంపీ దారిలోనే ఉంది. గద్వాలలో ఆగితే ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు వేసి నేసే చీరల మగ్గాలు కనిపిస్తాయి. పక్కనే జూరాల. డ్యామ్ చూసినా చూడకపోయినా అక్కడ వేయించి ఇచ్చే కృష్ణ చేపలు మాత్రం తినకుండా పోవద్దు.

నల్గొండ వైపు వస్తే పట్టణానికి ఆనుకునే పానగల్లు. అక్కడ ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం దగ్గర దగ్గరగా ఉన్నాయి. కుందూరు చోడుల కాలం నాటి కట్టడాలు. ఛాయా సోమేశ్వరంలో ఒక గర్భగుడిలో లింగం మీద పగలంతా స్తంభం నీడ పడుతూ ఉంటుంది. సూర్యుడు జరిగినా నీడ జరగదు. ఇది చూసి మహిమ అనేవాళ్ళున్నారు, అబద్ధం అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ కాదు. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. స్తంభాల మధ్య సందుల నుంచి వచ్చే వెలుతురు లోపల కలిసి ఒకేచోట నీడ నిలిచేలా స్తంభాలను కొలిచి పెట్టారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఇంకోసారి పోయి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ మధ్యలో చెరువు గట్టు మీద కూర్చోవచ్చు.

భువనగిరి బండ, పోచంపల్లి ఇప్పుడు వేరే జిల్లా అయ్యాయి గాని పాత నల్గొండవే. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం మొదలుపెట్టింది భువనగిరిలోనే. పోచంపల్లి గురించి రెండు ముక్కలు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చింది ఈ ఊళ్ళోనే, భూదానోద్యమం అక్కడే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదీ ఒకటి. షాపులో చీర బేరమాడి వచ్చేయకుండా నేసే ఇంట్లోకి పిలిస్తే పోండి. నూలు పోగుల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన సన్న రబ్బరు పట్టీలు బిగించి కడతారు. రంగులో ముంచడం, విప్పడం, ఇంకోచోట కట్టడం, మళ్ళీ ముంచడం. డిజైను అంతా మగ్గం ఎక్కకముందే పోగుల్లో పడి ఉంటుంది. మగ్గం మీద ఒక్క పోగు పక్కకు జరిగితే అంచు చెదిరిపోతుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చచ్చిపోలేదు. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది, చెదలు పట్టాయి, సందర్శకులను ఆపారు. 2018లో ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి చెదలమందు చుక్కచుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. మెసేజ్ రాసినాయన ఆ ఫొటోల దగ్గరే ఆగిపోయినట్టున్నాడు. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ చెట్టు బతికే ఉంది, ఊడలకు ఆధారాలు కట్టారు. చిన్నప్పటిలా ఊడలు పట్టుకుని ఊగడం, కొమ్మలెక్కడం మాత్రం ఇప్పుడు కుదరదు, కుదరకూడదు కూడా. ఇంకో మాట, సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊరు వేరే ఉంది. అక్కడ కాకతీయుల నాటి గుళ్ళున్నాయి. మెసేజ్ కింద పెట్టిన ఫొటో ఆ గుడిది. ఒక చెట్టు చచ్చిందని చెప్పడానికి వేరే జిల్లాలోని గుడి ఫొటో పెట్టిన మనిషి ఈ రెండింట్లో ఏదైనా చూశాడంటే నాకు నమ్మకం లేదు.

ఇక నీళ్ళు. మిగతావాటికి నవ్వొచ్చింది గాని దీనికి కోపమొచ్చింది. నల్గొండలో ఫ్లోరైడ్ అబద్ధం కాదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంగిన నడుములతో, తిరగని మెడలతో బతికినవాళ్ళు మా కళ్ళ ముందే ఉన్నారు. కానీ ఆ జబ్బు ఎట్లా వస్తుందో తెలుసుకోకుండా రాసిన మాట ఇది. మా కింద ఉన్నది గ్రానైటు రాయి. బోరు లోతుకు పోయిన కొద్దీ ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్ళలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే, అదే నీళ్ళతో వండుకుంటే బొక్కల్లో పేరుకుంటుంది. నోటి పండ్ల మీద గార పడేది ఆ పండ్లు తయారయ్యే వయసు పిల్లలకు. మూడు రోజులు ఉండి పోయే మనిషికి ఇందులో ఏదీ రాదు. ఇప్పుడు ఊళ్ళకు వచ్చే నల్లా నీళ్ళు ఎక్కువగా కృష్ణవే, బోరువి కావు. పానగల్లు గుళ్ళ పక్కన కనిపించే ఉదయసముద్రం చెరువు ఆ నీళ్ళు నిలిపే చోట్లలో ఒకటి.

బ్యాక్‌ప్యాకర్లకు పనికొచ్చే మాట చెప్పాలంటే ఇది చెప్పాలి. మీ బ్యాగులో ఉండే ఫిల్టరు స్ట్రా గాని, క్లోరిన్ బిళ్ళలు గాని ఫ్లోరైడ్‌ను తీసేయవు. కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అవన్నీ విరేచనాలు పట్టకుండా కాపాడటానికి, అందుకోసం తప్పకుండా వాడండి. దారిలో మిమ్మల్ని పడగొట్టేది అదే. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్, ఆఫ్రికా దేశాల దాకా పోయింది. ఇంకో మాట కూడా. కెమెరా పట్టుకుని మర్రిగూడలో వంగినవాళ్ళ కోసం వెతుకుతూ తిరిగే వీడియో పిల్లలు అప్పుడప్పుడు దిగుతుంటారు. అట్లా వచ్చేవాళ్ళు మాత్రం నిజంగానే హైదరాబాద్‌లో బస్సెక్కి హంపీ పోతే మంచిది.

భాష సంగతి త్వరగా తేల్చేద్దాం. నల్గొండ, పాలమూరు పట్టణాల్లో ఉర్దూ తరతరాలుగా ఉంది, హిందీ వచ్చినవాళ్ళకు బాధ లేదు. నారాయణపేట దిక్కు కన్నడం నడుస్తుంది. వలసల జిల్లా అని వెక్కిరించారు కదా, ఆ వలసే ఇక్కడ మీకు అక్కరకొస్తుంది. పాలమూరు లేబర్ పనిచేయని డ్యామ్ ఈ దేశంలో అరుదు. మక్తల్ పక్కన ఏ ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూర్చున్నా ముంబైలోనో, పుణెలోనో ఏళ్ళు గడిపి వచ్చిన పెద్దాయన ఒకరు తగులుతారు. మరాఠీలో కూడా మాట్లాడతారు. "ఎక్కడి నుంచి వస్తున్నవ్ బిడ్డా, తిన్నవా?" అని అడగకుండా వదలరు. ఊరు కాని ఊళ్ళో మూట నెత్తిన పెట్టుకుని దిగడం అంటే ఏమిటో వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు. వాళ్ళ ఊళ్ళు కొత్తవాళ్ళకు భద్రం కావని ఏ లెక్కన రాశారో!

బస్సుల మాట. హైదరాబాద్ నుంచి నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ వంద కిలోమీటర్ల చిల్లరే, రోజంతా బస్సులున్నాయి. గుంటూరు లైనులో నల్గొండకు రైలు, కర్నూలు లైనులో మహబూబ్‌నగర్, గద్వాలకు రైలు. లోపలి ఊళ్ళకు పల్లెవెలుగు పోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు టికెట్ లేదు గాని అది తెలంగాణ గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకే. బయటి రాష్ట్రం అమ్మాయిలు టికెట్ కొనాల్సిందే, కండక్టరుతో గొడవ పెట్టుకోవద్దు. ఇరుక్కుపోయేది బస్సులు లేక కాదు, ఆఖరు బస్సు ఎప్పుడో అడగక. పల్లె రూట్లలో అది సాయంత్రమే అయిపోతుంది. దిగగానే తిరుగు బస్సు వేళ అడిగి పెట్టుకోండి.

గదుల విషయంలో ఉన్న సగం నిజం ఏమిటంటే, చిన్న లాడ్జీలు విదేశీయులను తరచూ తిప్పి పంపుతాయి. విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలన్నది దేశమంతటా ఉన్న నిబంధన. అందుకు కావాల్సిన ఆన్‌లైన్ ఖాతా తెరుచుకోని లాడ్జీవాళ్ళు ఎందుకొచ్చిన తంటా అని గదుల్లేవంటారు. రాజస్థాన్‌లో చిన్న ఊళ్ళోనైనా ఇదే జరుగుతుంది. మనవాళ్ళకు ఆధార్ చాలు. నాగార్జునసాగర్, ఆలంపూర్, సోమశిల లాంటి చోట్ల పర్యాటక శాఖ హరిత గదులున్నాయి, శని, ఆదివారాలు తప్ప దొరుకుతాయి.

మెసేజ్ చెప్పనివి ఇప్పుడు చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో రావద్దు. నల్గొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, బండ మీది కోటలు ఎక్కితే వడదెబ్బే. సాగర్‌కు శుక్రవారం పోవద్దు. నీళ్ళ మధ్య దీవి మీద, ఆంధ్ర వైపున్న నాగార్జునకొండ మ్యూజియానికి ఆ రోజు సెలవు. డ్యామ్ మునకలో పోకుండా తవ్వి తీసిన ఇక్ష్వాకుల కాలం శిల్పాలు చాలా అందులోనే ఉన్నాయి, అది చూడకపోతే సాగర్‌లో గేట్ల ఫొటో తప్ప మిగిలేదేమీ ఉండదు. నల్లమలలో మన్ననూరు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు వదలరు. అది పులుల అడవి. అనుమతి లేకుండా టెంటు వేస్తామంటే ఫారెస్టువాళ్ళు లేపేస్తారు, అదీ మీ మంచికే. ఆ అడవిలోనే ఒక లోయలో జరిగే సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే, మిగతా కాలం ఆ లోయలోకి పోనివ్వరు. సోమశిల నుంచి శ్రీశైలానికి కృష్ణ మీద లాంచీ ఉంది, కొండల మధ్య ఆ ప్రయాణం బాగుంటుంది గాని నీటిమట్టం తగ్గితే ఆపేస్తారు. కొల్లాపూర్ దాకా వచ్చి తెలుసుకోవడం కన్నా ముందురోజే పర్యాటక శాఖకు ఫోన్ చేయండి. లేదంటే అచ్చంపేటకు తిరిగొచ్చి, రోడ్డు మూసేలోపు శ్రీశైలం బస్సు పట్టుకోండి.